దేవుడే మనకు తలనీలాలు ఇస్తే? జె-పాప్ ఫ్యాన్ తమ్ముడికి నా జవాబు



పోయిన వారం వీడియోలో ఇష్టదైవం గురించి మాట్లాడుకున్నాం. అది చూసి హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నేను జపాన్ పాప్ మ్యూజిక్ ఫ్యాన్‌ని. నా రూమ్‌లో ఒక గోడకి శివయ్య ఫోటో ఉంది, ఇంకో గోడకి నా ఒషి పోస్టర్ ఉంది. నిజం చెప్పాలంటే పొద్దున లేవగానే ముందు చూసేది పోస్టర్‌నే. అమ్మ చూసి 'అది కూడా దేవుడేనా' అని తిట్టింది. ఇది పాపమా అన్నా?"

ఈ వారం వీడియోలో ఈ ప్రశ్నకి రెండు నిమిషాల్లో జవాబు చెప్పి వదిలేశాను. కెమెరా ముందు చెప్పలేకపోయిన విషయం ఒకటి ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికగా చదవండి.

ముందు తమ్ముడికి ఒక మాట. నీకు జవాబు చెప్పే అర్హత నాకు ఉంది. ఎందుకంటే ఆ పోస్టర్ ఒకప్పుడు నా హాస్టల్ గోడకి కూడా ఉండేది.

నేనూ ఆ దారిలో నడిచినవాడినే

మా ఊరు చందుర్తి. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది, నా చిన్నప్పుడు కరీంనగర్ జిల్లా. వేములవాడ నుంచి కోరుట్ల పోయే బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. మా దిక్కు చాలా ఇళ్ళల్లో ఉన్న కథే మా ఇంట్లోనూ. నాన్న దుబాయ్‌లో సెంట్రింగ్ పని. అమ్మ, నాయినమ్మ బీడీలు చుట్టేవాళ్ళు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, నాన్న విమానం ఎక్కినా, నాకు పరీక్షలున్నా నాయినమ్మ నోట్లో ఒకటే మాట: "రాజన్నా, కోడెను కడ్త."

2012లో ఇంజినీరింగ్‌కని హైదరాబాద్ వచ్చాను. హాస్టల్‌లో రూమ్‌మేట్ అనిమే చూసేవాడు. అనిమే నుంచి పాటలు, పాటల నుంచి పాడేవాళ్ళు, అక్కడి నుంచి ఏకేబీ48. ఆరు నెలల్లో నేను రూమ్‌మేట్‌ని దాటిపోయాను.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. జపాన్‌లో పాటలు పాడుతూ, డ్యాన్స్ చేస్తూ, అభిమానులతో దగ్గరగా మెలిగే కుర్ర కళాకారులను 'ఐడల్' అంటారు. వాళ్ళలో నువ్వు మనసిచ్చి, ముందుకు నెట్టి, పదిమందికీ పరిచయం చేసే ఒక్కరు నీ 'ఒషి'. ఏకేబీ48ని నిర్మాత అకిమోతో యసుషి 2005 డిసెంబర్‌లో టోక్యోలోని అకిహబరాలో మొదలుపెట్టాడు. ఒక షాపింగ్ బిల్డింగ్ ఎనిమిదో అంతస్తులో చిన్న థియేటర్, రోజూ ప్రదర్శన. టీవీలో దూరంగా మెరిసే స్టార్ బదులు 'పోయి కలవగలిగే ఐడల్' అన్నది ఆయన ఆలోచన. మొదటి రోజు టికెట్ కొని వచ్చిన మామూలు ప్రేక్షకులు ఏడుగురే అని చెప్పుకుంటారు. తర్వాత అది దేశమంతా పాకింది.

నాకు అందులో ఏం నచ్చింది? ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. నాకు నచ్చినవన్నీ గుళ్ళో ఉన్నవే. నారద భక్తి సూత్రాల్లో భక్తి పదకొండు రకాల ఆసక్తులుగా కనిపిస్తుందని ఉంది. గుణాలను పొగడడం, రూపాన్ని చూస్తూ ఉండిపోవడం, పూజ, స్మరణ, దాస్యం, సఖ్యం, ప్రియురాలి ప్రేమ, తల్లి ప్రేమ, తనను తాను ఇచ్చుకోవడం, అందులోనే లీనమవడం, విరహం. నా లాప్‌టాప్ తీసి చూస్తే ఇవన్నీ దొరికేవి. వెయ్యి ఫోటోలున్న ఫోల్డర్, అది రూపాసక్తి. ఆమె పుట్టినరోజుకి కేక్ కొని స్క్రీన్ ముందు పెట్టడం, అది పూజ. రోజుకి పదిసార్లు ఆమె పేరు సెర్చ్ చేయడం, అది స్మరణ. కచేరీలో అందరూ ఒకే రంగు పెన్‌లైట్లు ఊపుతూ ఒకే లయలో పేరు పిలుస్తుంటే, హారతి టైమ్‌కి గుళ్ళో గంటలన్నీ ఒకేసారి మోగినట్టు అనిపించేది.

అందుకే తమ్ముడూ, నీ మనసులో జరుగుతున్నది చెడ్డదని నేను అనను. ప్రేమించే శక్తి, ఒకరి పేరు తలుచుకుంటే కళ్ళు చెమర్చే శక్తి అందరికీ రాదు. ఆ నీళ్ళు మంచివే. ఏ మడిలోకి పారుతున్నాయి, గట్టు ఎక్కడ తెగుతుంది, అది చూసుకోవాలి.

అకిహబరాలో మన దేవుళ్ళు

అమ్మ అడిగిన "అది కూడా దేవుడేనా" అనే మాటకి ఒక తమాషా సంగతి చెప్తాను. 'ఐడల్' అంటే విగ్రహం. ఇంగ్లిష్ మాటే. కానీ ఈ అర్థంలో జపాన్‌లో పాకడానికి ఒక ఫ్రెంచ్ సినిమా కారణమని చెప్తారు. 1963లో ఫ్రాన్స్‌లో తీసిన ఆ సినిమా మరుసటి ఏడాది 'ఐడల్‌ని వెతుకు' అనే అర్థం వచ్చే పేరుతో జపాన్‌లో విడుదలైంది. అందులో పాడిన సిల్వీ వర్తాన్ అంటే అక్కడి కుర్రకారుకి పిచ్చి పట్టింది. అలా విగ్రహం అనే మాట పాటలు పాడే పిల్లలకి పేరైంది.

అసలు విగ్రహాలు కూడా అక్కడే ఉన్నాయి. అకిహబరా స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో కందా మ్యోజిన్ అనే పాత మందిరం ఉంది. 'లవ్ లైవ్' అనే ఐడల్ అనిమేలో ఒక అమ్మాయి ఆ మందిరంలోనే సేవ చేస్తుంటుంది. అందుకని ఫ్యాన్స్ అక్కడికి పోయి, మొక్కులు రాసే చెక్క పలకల మీద తమ ఐడల్ బొమ్మలు గీసి కడతారు. ఆ మందిరంలో నవ్వుతున్న ఒక పెద్ద రాతి విగ్రహం ఉంది. పేరు దైకొకు. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? మహాకాలుడిది. మన శివయ్య ఉగ్రరూపం బౌద్ధంతో కలిసి చైనా దాటి జపాన్ చేరి, అక్కడి దేవుడితో కలిసిపోయి, బియ్యం మూటల మీద నిలబడి నవ్వే ఐశ్వర్య దేవుడైంది.

అకిహబరా నుంచి రైల్లో రెండో స్టేషన్ ఉయెనో. అక్కడ తామర చెరువు మధ్యలో బెన్‌జైతెన్ గుడి ఉంది. చేతిలో వీణ లాంటి బివా పట్టుకున్న ఆ తల్లి మన సరస్వతి. పాటకి, ఆటకి, మాటకి అక్కడ ఆమే తల్లి. బాసరలో మనం పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే అమ్మే అక్కడ చెరువు మధ్యలో కూర్చొని ఉంది.

నేనిది ఎందుకు చెప్తున్నానంటే, పరాయి దేశం పాట వినడం వల్ల ధర్మం పోదు. పాట ఏ భాషలో ఉన్నా సరస్వతిదే. సమస్య ఇంకోచోట ఉంది. అది నాకు మొదట చూపించింది మా నాయినమ్మ.

"ఏ దేవునికి మొక్కింది బిడ్డా?"

2013 జనవరి 31. ఏకేబీ48 మొదటి బ్యాచ్‌లోని మినెగిషి మినామి అనే అమ్మాయి ఒక కుర్రాడి ఇంట్లో రాత్రి ఉండి వచ్చిందని అక్కడి వారపత్రిక ఫోటోలతో సహా వేసింది. ఆమెకి 20 ఏళ్ళు. ఐడల్స్ ప్రేమలో పడకూడదని ఆ రంగంలో కట్టుబాటు. అదే రోజు ఆమె గుండు చేయించుకొని, కెమెరా ముందు ఏడుస్తూ, తల వంచి క్షమాపణ అడిగింది. గ్రూప్‌లోంచి పంపేయొద్దని వేడుకుంది. ఆ వీడియో గ్రూప్ సొంత ఛానెల్లోనే వచ్చింది. ఆమెను మళ్ళీ ట్రైనీ స్థాయికి దించారు.

నేను ఆ వీడియో హాస్టల్ వైఫైలో డౌన్‌లోడ్ చేసుకొని, వీకెండ్‌కి చందుర్తి పోయినప్పుడు అరుగు మీద కూర్చొని మళ్ళీ చూస్తున్నాను. నాయినమ్మ పక్కనే చాటలో ఆకు కత్తిరిస్తోంది. స్క్రీన్ చూసి చేతులాపింది.

"గా పిల్ల ఎవలురా? ఏ దేవునికి మొక్కింది బిడ్డా?"

గుండు అనగానే ఆమెకి వేములవాడే గుర్తొచ్చింది. నాకు తెలిసినంతలో చెప్పాను. దేవుడికి కాదు నాయినమ్మా, ఆమె పాటలు పాడుతది, ఆమెకి లక్షల మంది ఫ్యాన్స్, ఒక పిలగాన్ని ప్రేమించిందని వాళ్ళకి కోపమొచ్చింది, వాళ్ళ కోసం తీయించుకుంది అని. ఆమెని ఐడల్ అంటారు, ఐడల్ అంటే విగ్రహం, దేవుడిలెక్క అని కూడా గొప్పగా చెప్పాను.

నాయినమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "మనం దేవునికి ఎంట్రుకలిస్తం. దేవుడే మనకిచ్చుడేంది? గది దేవుడు గాదు బిడ్డా. గది ఎవలో కన్న పిల్ల."

నేను నవ్వి ఊరుకున్నాను. ఊళ్ళో ముసలామెకి జపాన్ సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ మాట నాకు అర్థం కావడానికి రెండేళ్ళకు పైగా పట్టింది.

నాన్న పంపిన డబ్బు

ఏకేబీ48లో 2009 నుంచి 2018 వరకు ఏటా ఒక ఎలక్షన్ జరిగేది. కొత్త సీడీ కొంటే లోపల ఓటు కోడ్ ఉంటుంది. ఒక సీడీకి ఒక ఓటు. పది సీడీలు కొంటే పది ఓట్లు. ఓట్లను బట్టి ఎవరు ముందు వరుసలో నిలబడాలో తేలుతుంది. ఒకే పాట, ఒకే సీడీ వందలకొద్దీ కొనే ఫ్యాన్స్ ఉండేవాళ్ళు.

2015 మే నెలలో నాన్న సెమిస్టర్ ఫీజుకి, మెస్‌కి కలిపి డబ్బు పంపాడు. దుబాయ్‌లో ఎండాకాలం మధ్యాహ్నం పూట బయట పని ఆపాలని రూల్ ఉంది, కానీ అది జూన్ 15 నుంచి మొదలవుతుంది. మే ఎండలో ఆ రూల్ ఉండదు. ఆ మే ఎండలో సంపాదించిన డబ్బు అది. అందులోంచి దాదాపు 18 వేలు తీసి, జపాన్ నుంచి తెప్పించే ఒక ఏజెంట్ ద్వారా 20 సీడీల ఓట్లు నా ఒషికి వేశాను. నాన్నకి ల్యాబ్ ఫీజు పెరిగిందని చెప్పాను. నాన్న "సరే బిడ్డా, మంచిగ చదువుకో" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కాసేపు గుండెల్లో ఏదో అయింది. ఒక పాట పెట్టుకున్నాను, పోయింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ ఏడాది ఆమె గెలవలేదు. కొన్ని నెలలకి గ్రాడ్యుయేషన్ ప్రకటించింది. గ్రూప్ వదిలి వెళ్ళడాన్ని వాళ్ళు అలా అంటారు. చదువుకోవాలనుందని, మామూలు జీవితం కావాలని చెప్పింది. ఆ రాత్రి నేను ఆమె పోస్ట్ కింద ట్రాన్స్‌లేటర్ పెట్టి జపనీస్‌లో నాలుగు లైన్లు రాశాను. మోసగత్తె అన్నాను. నా డబ్బు తిని పోతున్నావు అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను, ఇక్కడ రాయలేను.

తమ్ముడూ, వీడియోలో చెప్పలేకపోయింది ఇదే. మైక్ ముందు కూర్చొని భక్తి గురించి చెప్పే నేను, తెలియని ఒక ఆడపిల్లకి ఆ మాట రాశాను. పైగా దాన్ని ప్రేమ అనుకున్నాను.

తాడు ఎవరి చేతిలో ఉంది?

ఆ తర్వాత వచ్చిన శివరాత్రి ముందు నాయినమ్మని వేములవాడ తీసుకుపోయాను. నాన్న వచ్చి మూడేళ్ళు దాటింది. ఆయన రావాలని ఆమె మొక్కు. ఆయన ఇంకా రానేలేదు, అయినా కోడెను కడతానంది.

మా రాజన్న దగ్గర కోడె మొక్కు ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి చెప్తాను. ధర్మగుండంలో స్నానం చేసి, టికెట్ తీసుకొని, కోడె తాడు చేతపట్టి గుడి చుట్టూ తిరుగుతారు. తర్వాత కట్టే చోట కోడెను కట్టేసి, తాడు వదిలేసి, దండం పెట్టి దర్శనానికి పోతారు. కోడె రాజన్నది, తాడు రాజన్నది. ఇంటికి తెచ్చుకునేది ఏమీ ఉండదు.

నాయినమ్మ ముడి వేసి చెయ్యి తీసింది. తీసిన చేత్తోనే కోడె వీపు ఒకసారి నిమిరి, "సల్లగుండు" అని ముందుకు పోయింది. నాన్న ఎప్పుడొస్తాడని అడగలేదు. ఇన్నేళ్ళు కోడెలు కట్టినా ఏమిచ్చావని అడగలేదు.

నాకు అక్కడ కాళ్ళు కదల్లేదు. శైవంలో మూడు మాటలుంటాయి, మీరు మన వీడియోల్లో విన్నవే: పశువు, పాశం, పతి. పశువు అంటే జీవుడు, అంటే మనం. పాశం మనల్ని కట్టేసే తాడు. పతి శివుడు, ఆ తాడు విప్పగలవాడు. నేను పశువునై ఉండి, ఇంకో జీవి మెడకి తాడేసి, అది నా చేతిలో ఉండాలనుకున్నాను. 20 సీడీలకి ఆ తాడు కొన్నాననుకున్నాను. ఆమె విప్పుకొని పోతుంటే కోపంతో లాగాను. అప్పుడు గుర్తొచ్చింది, "గది ఎవలో కన్న పిల్ల" అన్న మాట.

విగ్రహానికి, మనిషికి తేడా

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన సంప్రదాయంలో విగ్రహాన్ని ఎందుకు పూజిస్తాం? భగవంతుడికి ఏ కొరతా లేదు. ఆప్తకాముడు, అంటే కోరుకోవలసింది ఏదీ మిగలనివాడు. కోటి మంది కోటి కోరికలు తెచ్చి మీద పడేసినా ఆయనకి బరువు లేదు. నువ్వు అలిగినా, తిట్టినా, పదేళ్ళు మొహం చూపకపోయినా ఆయనకి ఉద్యోగం పోదు, నిద్ర పోదు. అందుకే మన ప్రేమ బరువంతా దించుకోవడానికి ఆయన తగినవాడు.

వినాయక చవితి చూడండి. మట్టి తెచ్చి రూపం చేస్తాం, ఆవాహన చేస్తాం, పూజ చేస్తాం, ఉద్వాసన చెప్పి నీళ్ళల్లో కలిపేస్తాం. పిలవడం ఎంత ముఖ్యమో, సాగనంపడం అంతే ముఖ్యం. సాగనంపడం రానివాడికి పూజ సగమే వచ్చినట్టు. ఇంకోటి గమనించారా? గుళ్ళల్లో రాత్రి పవళింపు సేవ చేసి తలుపులు మూస్తారు. రాతి విగ్రహానికి కూడా విశ్రాంతి కావాలని జోల పాడి పడుకోబెట్టే సంప్రదాయం మనది.

మరి బతికున్న మనిషిని విగ్రహం చేస్తే? ఆ మనిషికి ఆకలుంది, అలసటుంది, ప్రేమ పుడుతుంది. ఏకేబీ48 హ్యాండ్‌షేక్ ఈవెంట్లలో ఒక్కో అభిమానికి కొన్ని సెకన్లు, టైమ్ కాగానే భుజం పట్టి ముందుకు పంపేవాళ్ళు ఒకరు. మన క్యూలైన్‌లో "జరగండి, జరగండి" అన్నట్టే. కానీ లోపల నిలబడింది రాతి విగ్రహం కాదు. గంటలతరబడి చిరునవ్వు ఆపకుండా నిలబడ్డ ఆడపిల్ల. 2014 మే నెలలో ఇవాతేలో జరిగిన అలాంటి ఈవెంట్లో ఒకడు రంపంతో దాడి చేశాడు. ఇద్దరు అమ్మాయిలకి, ఒక స్టాఫ్ మనిషికి గాయాలయ్యాయి.

ప్రేమించిందని నష్టపరిహారం కట్టమన్న కేసులు కూడా కోర్టుకి వెళ్ళాయి. 2015 సెప్టెంబర్‌లో టోక్యో జిల్లా కోర్టు 17 ఏళ్ళ మాజీ ఐడల్‌ని దాదాపు 6 లక్షల 50 వేల యెన్‌లు కట్టమంది. 2016 జనవరిలో ఇంకో కేసులో అదే కోర్టు, ప్రేమ అనేది మనిషి సుఖంగా బతకడంలో భాగమని చెప్పి కంపెనీ అడిగిన డబ్బు ఇవ్వక్కర్లేదంది. ఒక మనిషి మనిషే అని కోర్టు చెప్పాల్సి వచ్చింది.

"అన్నా, మరి హత్సునె మికు సంగతేంటి? ఆమె మనిషే కాదుగా" అని కొందరు అడుగుతారు. నిజమే. 2007 ఆగస్టు 31న ఒక కంపెనీ అమ్మకానికి పెట్టిన పాటల సాఫ్ట్‌వేర్ బొమ్మ ఆమె. పాటలు వేలమంది మామూలు మనుషులు రాసి ఆమెతో పాడించారు. మన ఊళ్ళో భజన మండలి లాంటి సంగతే, ఎవరి పాట వాళ్ళది, గొంతు అందరిదీ. అక్కడ ఎవరి మెడకీ తాడు పడదు. కానీ అక్కడ కూడా నీ చేతిలో ఒక తాడు మిగిలే ఉంటుంది. అది నీ మెడకే ఉంటుంది. పక్కగదిలో అమ్మ పిలిస్తే వినపడుతుందా లేదా, అదొక్కటి చూసుకో.

ఇదంతా విని "జపానోళ్ళకి పిచ్చి" అని మాత్రం నవ్వకండి. కటౌట్లకి పాలాభిషేకాలు చేసేది మనమే. మా హీరో గొప్పంటే మా హీరో గొప్పని ఫోన్లలో ఒకరి అమ్మని ఒకరు తిట్టుకునేది మనమే. 2022 అక్టోబర్‌లో 'ఆర్‌ఆర్‌ఆర్' జపాన్‌లో విడుదలయ్యాక అక్కడివాళ్ళు మన హీరోల కోసం తెలుగు నేర్చుకున్నారు. మనం వాళ్ళకి ఫ్యాన్స్, వాళ్ళు మనకి ఫ్యాన్స్. రోగం ఉంటే ఇద్దరికీ ఒకటే, మందూ ఒకటే.

మందు ఏమిటి?

నారదుడు గోపికలను భక్తికి ఉదాహరణగా చూపిస్తూ ఒక మెలిక పెట్టాడు. ప్రేమించినవాళ్ళ సుఖమే తన సుఖం కావడం. దాన్ని తత్సుఖం అంటారు. అది లేకపోతే ఆ ప్రేమ స్వార్థపు ప్రేమే అని తేల్చేశాడు.

భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు కనబడకుండా పోయినప్పుడు గోపికలు ఏడుస్తారు. ఆ ఏడుపులో కూడా వాళ్ళ బెంగ ఏమిటంటే, అడవిలో తిరుగుతున్నాడు, ఆ మెత్తని పాదాలకి రాళ్ళు గుచ్చుకుంటాయేమో అని. తర్వాత ఆయన మధురకి వెళ్ళిపోయాడు. జె-పాప్ భాషలో చెప్పాలంటే గ్రాడ్యుయేషన్. మళ్ళీ బృందావనానికి కాపురానికి రాలేదు. వాళ్ళు విరహంతో కుమిలారు, ఉద్ధవుడితో నిష్ఠూరాలాడారు. కానీ ఆయనకి చెడు కోరలేదు. విరహం ఉండొచ్చు తమ్ముడూ. ఏడుపు రావచ్చు. శాపం మాత్రం రాకూడదు.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు. పోస్టర్ పాపం కాదు. పాట పాపం కాదు. ఈ మూడు చూసుకో.

ఒకటి, డబ్బు. నీ ఒషికి పెట్టే రూపాయి నీ చెమటదైతే, ఇంట్లో చెప్పగలిగేదైతే పెట్టు. నాన్న చెమటని అబద్ధం చెప్పి ఖర్చు పెడితే అది ఏ దేవుడికిచ్చినా చెల్లదు.

రెండు, మాట. ఆ మనిషి గురించి రాసే ప్రతి మాట, ఆమె నీ చెల్లె అయితే వాళ్ళమ్మ ముందు అనగలవా అని చూసుకొని రాయి.

మూడు, ఉద్వాసన. ఆమె పెళ్ళి చేసుకున్నా, పాట మానేసినా, వయసు మీదపడినా "సల్లగుండు" అని తాడు వదలడానికి ఈ రోజు నుంచే సిద్ధపడు. పోస్టర్ గోడకి ఉండనీ, పూజ గదిలోకి మాత్రం తేవొద్దు. ఆమె తక్కువదని కాదు. ఆ పీట మీద కూర్చోబెట్టి నీ కోరికల బరువంతా ఒక మనిషి నెత్తిన పెట్టడం అన్యాయం కాబట్టి. ఆ బరువు పక్క గోడ మీదున్న శివయ్యకివ్వు. ఆయన మోస్తాడు. మోయడానికే ఉన్నాడు.

ఆ రోజు ఇంకొకటి జరిగింది

ఆ రోజు వేములవాడలో నేను నాయినమ్మని కూర్చోబెట్టి, తలనీలాలిచ్చి వచ్చాను. ఆమె చూసి "ఏం మొక్కుంటివిరా?" అంది. మొక్కు కాదు నాయినమ్మా, తప్పు చేసిన అన్నాను. ఏం తప్పని అడగలేదు. తల మీద చెయ్యేసి నిమిరింది. ఆ రాత్రి ఆ నాలుగు లైన్లు డిలీట్ చేశాను. ఆమె అప్పటికే చదివిందో లేదో నాకు తెలియదు. క్షమించమని అడిగే దారి లేదు. అడిగితే అది కూడా ఇంకో తాడే అవుతుంది. నాన్నకి మాత్రం ఫోన్ చేసి నిజం చెప్పాను. అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత "తిన్నవా?" అన్నాడు.

గుండుతో హాస్టల్‌కి పోతే మా రూమ్‌మేట్ "ఏకేబీ ఎఫెక్టా?" అని నవ్వాడు. ఒక రకంగా నిజమే మరి.

2022లో చందుర్తి పోయినప్పుడు నాయినమ్మకి చూపు తగ్గింది. బీడీలు మానేసింది. మాటల మధ్యలో ఉన్నట్టుండి అడిగింది. "అప్పట్ల నీ డబ్బాల ఒక పిల్ల గుండుతోని ఏడ్వలే? గామె ఎంట్రుకలు మల్ల పెరిగినయా?"

తొమ్మిదేళ్ళయింది. పేరు తెలియదు, దేశం తెలియదు, పాట ఒక్కటీ వినలేదు. ఆ పిల్ల మాత్రం గుర్తుంది.

"పెరిగినయి నాయినమ్మా" అన్నాను. "2021 దాకా అందులనే పాడింది. మొన్ననే పెండ్లి కూడా చేసుకుంది."

నాయినమ్మ వేములవాడ దిక్కు తిరిగి చేతులెత్తి దండం పెట్టింది. "సల్లగుండనీ తల్లి."

ఈ వారం మీ ఒషి ఎవరైనా సరే, పాట అయిపోయాక ఫోన్ పక్కన పెట్టే ముందు, ఆ మనిషి పేరు తలుచుకొని ఒక్కసారి ఆ మాట అనండి. తర్వాత ఇంట్లో మీ కోసం చెమటోడ్చినవాళ్ళ పేరు తలుచుకొని ఇంకోసారి అనండి.

వచ్చే వారం కలుద్దాం. ఓం నమః శివాయ.